చిన్న హైస్కూలుకు మైకు సెట్టు: జూన్ ప్రేయర్ నుంచి ఏప్రిల్ సెలవుల దాకా ఏది పనికొస్తుంది, ఏది రాదు

పదో తరగతి పాత బ్యాచ్ వాళ్లు పాతికేళ్లకో ముప్పయ్యేళ్లకో కలుసుకున్నారంటే బడికి ఏదో ఒకటి ఇచ్చి వెళ్తారు. బీరువా, మంచినీళ్ల మిషను, లేదంటే మైకు సెట్టు. శాలువాలు కప్పడం, ఫోటోలు దిగడం అయిపోతుంది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ సెట్టు హెచ్‌ఎం గదిలో బీరువా మీదికి చేరుతుంది, కింద గ్రౌండులో పిల్లలు మళ్లీ గొంతు చించుకుని ప్రతిజ్ఞ చెబుతుంటారు. సరుకు నాసిరకమని అందరూ అనుకుంటారు. చాలాసార్లు సరుకు బాగానే ఉంటుంది. ఆ బడికి, ఆ గ్రౌండుకు, ఆ పనికి తగినది కాదంతే.

150 నుంచి 250 మంది పిల్లలు, ఇంచుమించు 30 మీటర్ల గ్రౌండు, రోజూ ఇరవై నిమిషాల అసెంబ్లీ ఉన్న హైస్కూలును దృష్టిలో పెట్టుకుని రాసిన సమీక్ష ఇది. అలాంటి బడి ముందు మూడు దారులుంటాయి: యాంప్లిఫయరుతో రెండు హారన్లు; యాంప్లిఫయరుతో రెండు కాలమ్ స్పీకర్లు (గోడకు నిలువుగా బిగించే పొడవాటి పెట్టెలు); చక్రాల మీద లాక్కెళ్లే ట్రాలీ స్పీకరు. వార్షికోత్సవం రోజు బయటి నుంచి తెప్పించే సౌండు నాలుగోది.

తొందరలో ఉన్నవాళ్లకు తీర్పు ముందే చెప్పేస్తాం. 60 నుంచి 100 వాట్ల యాంప్లిఫయరు, రెండు హారన్లు, రెండు మంచి వైరు మైకులు, మందమైన వైరు ఉంటే ఏడాదిలో ఎక్కువ పని జరిగిపోతుంది. డబ్బు మిగిలితే చిన్న ట్రాలీ ఒకటి. వార్షికోత్సవానికి అద్దె సౌండే మేలు. ఆ ఒక్క రాత్రి కోసం పెద్ద బాక్సులు కొంటే డబ్బు నీళ్లపాలే.

వాట్ల మోజు

దుకాణంలో మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అనే. ట్రాలీ స్పీకరు అట్టపెట్టె మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ (ఒక్క క్షణానికి చెప్పుకునే గరిష్ఠ శక్తి) అంకెకు విలువ లేదు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) అని రాసి ఉన్న అంకె. నిజానికి గ్రౌండుకు అదీ ఎక్కువ అక్కర్లేదు. హారన్ యూనిట్‌కు (హారను వెనక శబ్దం పుట్టించే భాగం) ఒక్క వాట్ ఇస్తేనే మీటరు దూరంలో 105 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలత) దాకా వస్తుంది. పది వాట్లిస్తే 115. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి కాబట్టి 32 మీటర్ల దగ్గర 85 మిగులుతుంది. ఎదురెదురుగా నిలబడి మామూలుగా మాట్లాడుకుంటే ఉండేది 60 ప్రాంతం. అంటే చివరి వరసలో ఉన్న పదో తరగతి అబ్బాయికి పది వాట్లతోనే మాట ఖంగుమని వినబడాలి.

మరి 250 వాట్ల సెట్టు పెట్టినా "సార్, వెనక వినబడట్లేదు" అని ఎందుకంటారు? మైకు నోటికి అడుగు దూరంలో ఉంటుంది, హారను ఆకాశంలోకి చూస్తుంటుంది, మధ్యలో జుట్టుపోగంత వైరు ఉంటుంది. వీటిలో దేన్నీ వాట్లు సరిచేయలేవు. ఉన్న డబ్బును వంద భాగాలు చేస్తే యాంప్లిఫయరుకు నలభై, హారన్లకు పాతిక, మైకులకూ స్టాండుకూ ఇరవై, వైరుకూ ప్లగ్గులకూ ఎర్తింగుకూ పదిహేను పెట్టండి. ఎక్కువ బడుల్లో చివరి పదిహేనును సున్నా చేసి, దాన్ని కూడా యాంప్లిఫయరు మీదే పోస్తారు.

యాంప్లిఫయరు కొనేటప్పుడు

మన ఊళ్లలో అహూజా అన్న మాట మైకు సెట్టుకు మారుపేరైపోయింది. ఏ కంపెనీదైనా సరే, ఈ ఐదూ ఉన్నాయో లేదో చూడండి: కనీసం మూడు మైకు ఇన్‌పుట్లు, మూడింటికీ విడివిడి వాల్యూమ్ బటన్లు, బ్యాటరీ మీద నడిచే డీసీ ఇన్‌పుట్, వెనక 4, 8, 16 ఓమ్‌ల (స్పీకరు నిరోధం కొలత) టెర్మినళ్లతో పాటు 100 వోల్టుల టెర్మినలు, విడిభాగాలు మీ జిల్లా కేంద్రంలోనే దొరకడం. యూఎస్‌బీ, బ్లూటూత్ ఉంటే మంచిదే. లేకపోయినా ఫోను నుంచి వైరు పెట్టుకోవచ్చు.

బ్యాటరీ సంగతి పల్లెటూరి బడికి ముఖ్యం, ఎందుకంటే ఉదయం తొమ్మిదింటికే కరెంటు పోయే ఊళ్లు ఇంకా ఉన్నాయి. మాటలకు ఈ సైజు యాంప్లిఫయరు 12 వోల్టుల మీద సగటున రెండు మూడు ఆంపియర్లు లాగుతుంది. ఇరవై నిమిషాల ప్రేయరుకు ఒక ఆంపియర్ అవర్. 35 ఆంపియర్ అవర్ కారు బ్యాటరీతో కరెంటు లేకుండానే రెండు వారాలు ధీమాగా గడిచిపోతాయి. కొన్ని మోడళ్లకు 12 వోల్టులు కావాలి, కొన్నిటికి 24. యాంప్లిఫయరు వెనక రాసి ఉంటుంది, చదివాకే బ్యాటరీ కొనండి. ప్లస్, మైనస్ తారుమారైతే అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే సెట్టే పోతుంది. ఎర్ర వైరు, నల్ల వైరు అనే తేడా పాటించి, చివర్లకు ఒకదానికొకటి పట్టని క్లిప్పులు పెట్టిస్తే పిల్లలు కలిపినా తప్పు జరగదు.

హారన్లా, కాలమ్ స్పీకర్లా?

గ్రౌండు 25 మీటర్ల లోపు ఉండి, వరండాకు పైకప్పు ఉంటే కాలమ్ స్పీకర్లే వినసొంపుగా ఉంటాయి. మాట మెత్తగా, స్పష్టంగా వస్తుంది, పద్యం చదివితే పద్యంలాగే వినబడుతుంది. గోడకు ఎనిమిది అడుగుల ఎత్తున, రెండు మూలల్లో ఒక్కొక్కటి, కొంచెం కిందికి వంచి బిగించాలి. వాన తగిలితే మాత్రం అట్ట కోన్లు ఉబ్బి పాడవుతాయి.

మిగతా బడులన్నిటికీ హారన్లే. ఎండకూ వానకూ తట్టుకుంటాయి, దూరం కొడతాయి. బరువైన శబ్దాలు వీటిలో పలకవు కాబట్టి పాట పెడితే డప్పు దెబ్బ బదులు రేకు డబ్బా మోగినట్టుంటుంది. హారను సినిమా పాట పాడలేదని తిట్టుకోవడం ఎద్దును పాలివ్వలేదని తిట్టినట్టే. దాని పని మాట.

బిగించే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. ఎత్తు పది పన్నెండు అడుగులు. మూతి కొంచెం కిందికి, గ్రౌండులో మూడింట రెండు వంతుల దూరంలో నిలబడ్డ పిల్లల తలల వైపు. పైకి చూసేలా పెడితే వాన నీరు లోపల నిలిచి యూనిట్ దాకా వెళ్తుంది, ఊరంతటికీ మాట వినబడి పిల్లలకు మాత్రం వినబడదు. రెండు హారన్లూ మైకు కంటే ముందు ఉండాలి. మాట్లాడేవాళ్ల వెనక, స్లాబు మీద పెడితే హారను మాట తిరిగి మైకులోకే దూరి కూత మొదలవుతుంది. ఎదురుగా 30 మీటర్ల దూరంలో ప్రహరీయో, భవనమో ఉందా? శబ్దం వెళ్లి రావడానికి 60 మీటర్లు, అంటే సెకనులో ఆరో వంతు పైన. ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. హారన్లను కాస్త వాలుగా తిప్పితే, లేదా చదివే పిల్లలకు "పదానికీ పదానికీ మధ్య గాలి వదులు" అని నేర్పితే చాలావరకు పోతుంది.

ఇక కనెక్షను. 16 ఓమ్‌ల యూనిట్లు రెండు సమాంతరంగా కలిపితే 8 ఓమ్‌లు అవుతాయి, వైరును యాంప్లిఫయరు వెనక కామన్ టెర్మినలుకూ 8 ఓమ్‌ల టెర్మినలుకూ ఇవ్వాలి. రెండింటికీ ప్లస్ ప్లస్‌కే పోవాలి. ఒకటి తారుమారైతే రెండూ మోగుతూనే ఉంటాయి కానీ సరిగ్గా మధ్యలో నిలబడ్డ వరసలకు గొంతు డొల్లగా, నూతిలోంచి వచ్చినట్టు వినబడుతుంది. చాలా బడుల్లో ఈ తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. పరీక్షించడం తేలిక: మధ్యలో నిలబడి ఒక హారను వైరు తీయించండి. శబ్దం తగ్గాల్సింది పోయి పెరిగితే, తీసిన దాని వైర్లు తిప్పి పెట్టాలని అర్థం.

వైరు లెక్క కూడా చెప్పేస్తే మంచిది. దుకాణంలో ఇచ్చే సన్న వైరు అర చదరపు మిల్లీమీటరు ఉంటుంది. యాంప్లిఫయరు నుంచి హారన్లకు 50 మీటర్లుంటే పోనూ రానూ 100 మీటర్లు, దానికే మూడున్నర ఓమ్‌లు. 8 ఓమ్‌ల లోడు మీద దాదాపు మూడో వంతు శక్తి వైరును వేడి చేయడానికే సరిపోతుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు రాగి వైరు వేస్తే నష్టం ఎనిమిదో వంతుకు దిగుతుంది. అంతకంటే దూరమైతే 100 వోల్టుల లైను వాడాలి, హారను దగ్గర ఆ వోల్టేజీని తగ్గించే లైను ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. అప్పుడు సన్న వైరైనా నష్టం నామమాత్రమే. ఒకటే హెచ్చరిక: ట్రాన్స్‌ఫార్మరు లేకుండా హారన్ యూనిట్‌ను నేరుగా 100 వోల్టుల టెర్మినలుకు కలిపితే యూనిట్‌లో డయాఫ్రమ్ (కంపించి శబ్దం పుట్టించే పల్చటి పొర) కాలిపోతుంది, యాంప్లిఫయరు ప్రాణం మీదికీ వస్తుంది. ఆ టెర్మినలు మీద ఇన్సులేషన్ టేపు అతికించి ఉంచితే ఎవరి చెయ్యీ పడదు.

డయాఫ్రమ్ పోయిందంటే యూనిట్ పారేయక్కర్లేదు. మరలు విప్పి కొత్తది వేయిస్తే అయిపోతుంది. యూనిట్ వాట్లకు, సైజుకు సరిపడేదే కొనండి. ఇది మాటిమాటికీ పోతోందంటే ఎవరో వాల్యూమ్ చివరిదాకా తిప్పి, గరగరమన్నా పట్టించుకోవడం లేదన్నమాట.

మైకు: అసలు పని దీనిదే

జాలీ గుండున్న డైనమిక్ మైకు, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు. ఇంతకు మించిన సలహా లేదు. రెండు పోగుల పిన్ను వైరు పది మీటర్లు దాటితే చుట్టుపక్కల కరెంటు గీర్‌మనే చప్పుడును మోసుకొస్తుంది. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వైరులో అది దాదాపు రాదు. మైకు వైరును కరెంటు వైరుతో కలిపి చుట్టకండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

పిల్లలకు నేర్పాల్సినవి మూడే. నోటికీ మైకుకూ మధ్య మూడు వేళ్ల దూరం. పిడి పట్టుకోవాలి తప్ప గుండును గుప్పిట మూయకూడదు: వెనక నుంచి వచ్చే శబ్దాన్ని ఆపడానికి పెట్టిన సందులు మూసుకుపోయి మైకు వెంటనే కూస్తుంది. ఉఫ్ అని ఊదడం, టకటకా కొట్టడం ఎందుకూ పనికిరావు, తడి మాత్రం లోపలికి పోతుంది. "హలో" అంటే సరి. దూరం సగం చేస్తే మైకుకు అందే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంటే యాంప్లిఫయరు వాట్లను నాలుగింతలు చేసినంత. కూత వస్తే వాల్యూమ్ తగ్గించే ముందు పిల్లను ఒక అడుగు ముందుకు రమ్మనండి.

స్టాండు విషయంలో పిసినారితనం వద్దు. ఆరో తరగతి పాప నోరు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది, పదో తరగతి అబ్బాయిది ఐదడుగుల పైన. బిగించే మర చేత్తో తిరగాలి, జారకూడదు. మర పాడైన స్టాండు ఎప్పుడూ పెద్దవాళ్ల ఎత్తులోనే ఆగిపోతుంది. అప్పుడు చిన్నపిల్లలు మెడ ఎత్తి గడ్డం కింద నుంచి వార్తలు చదువుతారు, ఎవరికీ వినబడదు, "నీ గొంతు చిన్నది" అని మర్నాటి నుంచి ఆ పిల్లను పిలవరు. తప్పు గొంతుది కాదు, స్టాండు మరది.

కార్డ్‌లెస్ మైకు కొంటే ఒకటి చాలు, అదీ యూహెచ్‌ఎఫ్ (ఒక రేడియో ఫ్రీక్వెన్సీ శ్రేణి) మీద పనిచేసేది. రెండు కొంటే రెండూ వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో ఉన్నాయని దుకాణంలోనే ఒకేసారి ఆన్ చేసి చూడండి. ఒకే ఫ్రీక్వెన్సీవైతే రెండూ కలిపి మాట్లాడినప్పుడు బుస తప్ప మాట రాదు. సెల్లులు తీయకుండా వదిలేస్తే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. కార్డ్‌లెస్ మైకులు ఎక్కువగా చచ్చేది దీనితోనే.

ఏడాది పొడవునా

జూన్ 12న బడి తెరిచాక మొదటి వారమే జాబితా రాసి గోడకు అంటించండి. ఏడాదికి 220 పని దినాలు. రోజూ వార్తలు, పద్యం, మంచి మాట కలిపి ముగ్గురికి మైకు ఇస్తే 660 అవకాశాలు. 200 మంది పిల్లలున్న బడిలో ఒక్కొక్కరికి ఏడాదికి మూడుసార్లు వస్తుంది. సెట్టు ఎంత మంచిదో మార్కులు వేయాలంటే ఈ లెక్కనే వేస్తాం. ఏడాదంతా తొమ్మిదో తరగతిలోని ఆ ఇద్దరమ్మాయిలే చదివితే ఎంత ఖరీదైన సెట్టయినా ఐదుకు రెండే.

ప్రతిజ్ఞకు మైకు వాడే తీరు కూడా మారాలి. 1962లో విశాఖపట్నంలో పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాసిన ఆ వాక్యాలు ఒకరు చెబితే మిగతావాళ్లు అనాల్సినవి. చెప్పే పిల్ల ప్రతి ముక్క తర్వాత మైకు నుంచి మొహం పక్కకు తిప్పాలి. లేకపోతే తనే మళ్లీ అందరితో కలిసి అంటుంది, ఆ గొంతు హారన్లలో మారుమోగి మిగతా రెండొందల గొంతులూ వినబడవు. జనగణమనకైతే ఇద్దరు పిల్లలు ఒకే మైకు దగ్గర చాలు. 52 సెకన్లలో ముగియాల్సిన పాట నిమిషం దాటుతోందంటే వెనక వరసలు లాగుతున్నట్టు. పాడేవాళ్లను చేత్తో తాళం వేయమనండి.

ఆగస్టు 15 వానల కాలం. గ్రౌండు తడి, పిల్లల్లో కొందరి కాళ్లకు చెప్పులుండవు, మైకు లోహపుది. ఈ మూడూ కలిసినప్పుడు ఎర్తింగు లేని సెట్టు ప్రమాదం. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్‌లో గుచ్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. "మైకు జివ్వుమంటోంది" అని ఏ పిల్లాడైనా అంటే నవ్వి వదిలేయకండి, వెంటనే కరెంటు తీయించి సాకెట్‌కు ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. సెట్టుకు వెళ్లే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్చి) కూడా పెట్టిస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. ఆ రోజుకు బ్యాటరీ మీదే నడిపినా సరిపోతుంది. హారను వైరును జెండా కర్రకు కట్టవద్దు. కవాతు చేసే దారికి అడ్డంగా నేల మీద వైరు పోనివ్వవద్దు.

ఆటల పోటీల రోజు సెట్టులోని ఒక విచిత్రం బయటపడుతుంది. కవాతు నిమిషానికి 120 అడుగులు, అంటే అర సెకనుకు ఒకటి. పాటనో డప్పునో మైకులో వేస్తే, శబ్దం సెకనుకు 340 మీటర్లే పోతుంది కాబట్టి 60 మీటర్ల అవతలి జట్టుకు 0.18 సెకను ఆలస్యంగా అందుతుంది. అడుగులో మూడో వంతు తేడా. ముందు జట్టు ఎడమ కాలు దించేసరికి వెనక జట్టు కాలు ఇంకా గాల్లో ఉంటుంది, పీఈటీ సారు వెనకవాళ్లను తిడుతుంటారు. మైకులో డప్పు ఆపేసి, ప్రతి జట్టుకూ ముందు నడిచే లీడరే అడుగు చెప్పేలా చేస్తే సరిపోతుంది. ఖోఖో, కబడ్డీ జరుగుతున్నప్పుడు కామెంటరీ మైకుకు స్పాంజి తొడుగు తప్పనిసరి, గాలి హోరు సగం తగ్గుతుంది. రిఫరీ విజిల్ వేసే చోటికి దూరంగా కూర్చోండి, లేకపోతే ప్రతి విజిలూ రెండు విజిళ్లవుతుంది.

సెప్టెంబరు 5న పిల్లలే టీచర్లయ్యే స్వపరిపాలన దినానికి కొత్తగా ఏమీ అక్కర్లేదు. తెలంగాణ బడుల్లో దసరా సెలవుల ముందు ఆడే బతుకమ్మకు మాత్రం హారను చాలదు, ఇక్కడ ట్రాలీ స్పీకరు రాణిస్తుంది. దాన్ని వలయం బయట వరండా గట్టు మీద, తల ఎత్తులో పెట్టండి. పాట చెప్పే అమ్మాయి కార్డ్‌లెస్ మైకు పట్టుకుని అందరితో పాటు తిరిగితే, స్పీకరు ముందుకు వచ్చిన ప్రతి చుట్టూ కూత పెడుతుంది. ఆమెను మధ్యలో బతుకమ్మల దగ్గరే నిలబెట్టి మిగతావాళ్లను తిరగమంటే సాయంత్రమంతా గొడవ ఉండదు. సంక్రాంతి ముగ్గుల పోటీ, ఫిబ్రవరి 28 సైన్స్ దినం, పదో తరగతి ఫేర్‌వెల్, అన్నిటికీ ట్రాలీయే చాలు.

ట్రాలీ గురించి ఇంకాస్త

సులువు, చవక, పాట బాగుంటుంది, వైర్ల బెడద లేదు. అందుకే దాతలు ఎక్కువగా దీన్నే కొనిస్తున్నారు. రోజూ ప్రేయరుకు దీన్నే వాడితే మూడు తంటాలు. నేల మీద ఉంటుంది కాబట్టి ముందు వరస పిల్లల ఒళ్లే గోడలా అడ్డుపడి చివరివాళ్లకు దుబ్ దుబ్ తప్ప మాట వినబడదు. బల్ల మీదికో స్టాండు మీదికో ఎత్తాలి. కంకర గ్రౌండులో చక్రాలు ఏడాది కూడా ఆగవు. లోపలి చిన్న బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి వదిలేయడం, లేదా రాత్రింబవళ్లు చార్జింగులోనే ఉంచడం వల్ల రెండో ఏటికి పది నిమిషాలు కూడా నడవదు. బ్యాటరీ మార్చుకునేలా వెనక పలక మరలతో ఉందా, అతికించేశారా అన్నది కొనేటప్పుడే చూడండి.

బ్లూటూత్ ఇంకో తలనొప్పి. దగ్గర్లో ఎవరి ఫోను కలిసినా మోగుతుంది. మౌనం పాటించే రెండు నిమిషాల్లో ఏదో టీచరు ఫోనుకు వచ్చిన కాలర్ రింగు స్పీకర్లో మోగితే పిల్లలు వారం రోజులు చెప్పుకుంటారు. పాటలను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఫోనే వాడాల్సి వస్తే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైరుతో కలపండి. రంగురంగుల లైట్లున్న మోడలు కొంటే ఆరో తరగతి మొత్తం దాని చుట్టే ఉంటుంది, అది మీ ఇష్టం.

ప్రేయరుకు ఐదుకు రెండున్నర. బతుకమ్మకు, ఫేర్‌వెల్‌కు నాలుగు.

వార్షికోత్సవానికి అద్దె సౌండు

ఒక్క సాయంత్రం, పిల్లలూ తల్లిదండ్రులూ కలిపి 400 మంది. రెండు టాప్‌లు (మాట పలికే బాక్సులు), రెండు బేస్‌లు (బరువైన శబ్దాలు పలికే బాక్సులు), నాలుగు కార్డ్‌లెస్ మైకులు, మూడు స్టాండు మైకులు, డ్యాన్సు చేసేవాళ్లకు వినబడేలా స్టేజీ మీద ఒక మానిటరు, ఆపరేటరు. ఇంతకు మించి చెప్పేవాళ్లు మీకు పెళ్లి బరాత్ సెట్టు అంటగడుతున్నారు. అడ్వాన్సు ఇచ్చే ముందే కాగితం మీద రాయించండి: ఎన్ని మైకులు, ఎన్ని గంటలకు బిగిస్తారు, ఆపరేటరు చివరిదాకా ఉంటాడా, జనరేటరు ఎవరిది. సౌండు వాళ్లు ఎక్కువగా మాట తప్పేది బిగించే టైము దగ్గరే. ఐదింటి కార్యక్రమానికి రెండింటికల్లా సౌండు మోగాలని చెప్పండి, వాళ్లు మూడున్నరకు వస్తారు, అప్పటికీ రిహార్సల్‌కు టైము మిగులుతుంది.

లైట్లకూ సౌండుకూ వేర్వేరు లైన్లు అడగండి. ఒకే లైను మీద డిమ్మర్లు (లైట్ల వెలుగు పెంచి తగ్గించేవి) తిప్పితే స్పీకర్లలో జుమ్మని చప్పుడు వస్తుంది.

కార్యక్రమం పాడయ్యేది ఎక్కువగా పాటల దగ్గరే. ఒక్కో క్లాసు ఒక్కో ఫోనులో తెస్తుంది, ఒకటి వాట్సాప్‌లో వచ్చిన అరకొర ముక్క, ఇంకోటి నెట్‌లో నేరుగా పెట్టే వీడియో, మధ్యలో ప్రకటన. మూడు రోజుల ముందే అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఫైలు పేర్లు 01, 02 అని వరస నంబర్లతో, తర్వాత తరగతి, పాట. రెండో పెన్‌డ్రైవ్‌లో కాపీ. ప్రతి పాటా మొదట్లో ఉండే నిశ్శబ్దం కత్తిరించాలి, లేకపోతే పిల్లలు ఫోజు పెట్టి నిలబడి దిక్కులు చూస్తారు. పాట నాలుగు నిమిషాలు, ఎక్కడం దిగడం రెండు నిమిషాలు. 15 అంశాలంటే గంటన్నర. ఉపన్యాసాలు, బహుమతులు ఇంకో గంట. నాటికకు స్టేజీ ముందు మూడు స్టాండు మైకులు పెట్టి, డైలాగు ఉన్న పిల్ల దగ్గరి మైకు దగ్గరకు నడిచేలా రిహార్సల్ చేయించండి. కార్డ్‌లెస్‌ను చేతులు మార్చుకుంటూ ఆడితే ప్రతి డైలాగులో మొదటి రెండు మాటలు మాయమవుతాయి.

రాత్రి 10 గంటల తర్వాత బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే చివర్లో కోత పడేది ఆరో తరగతి డ్యాన్సుకే. అందుకని చిన్నపిల్లల అంశాలను ముందు పెట్టి, ఉపన్యాసాలను మధ్యలో పెట్టండి.

ఎవరు నడపాలి?

పిల్లలే. ఎనిమిదో తరగతి నుంచి ఇద్దరిని తీసుకోండి, తొమ్మిదిలో వాళ్లే పెద్దలవుతారు, పదిలో చదువు కోసం వదిలేస్తారు. ప్రతి ఏడూ కొత్తగా ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలు వాళ్ల దగ్గరే నేర్చుకుంటారు. ఆ ఇద్దరిలో ఒక్కరైనా అమ్మాయి ఉండాలి. మైకులో చదివేది అమ్మాయిలు, సెట్టు ముట్టుకునేది అబ్బాయిలు అన్న పాత అలవాటు ఇక్కడే పోతుంది. వైర్లు కలపడం, విప్పడం స్విచ్చి ఆఫ్‌లో ఉన్నప్పుడే. ఆన్ చేసే వరస: వాల్యూమ్‌లన్నీ సున్నా, మైకులు కలపడం, హారను వైరు చూడడం, స్విచ్చి, మాస్టరు వాల్యూమ్ సగం, తర్వాత మైకు వాల్యూమ్ మెల్లగా. ఆఫ్ చేసేటప్పుడు తిరగేసి. మైకు వైరును మోచేతికి మెలితిప్పి చుట్టకూడదు, లోపలి పోగులు తెగుతాయి. నేల మీద పెద్ద వలయాలుగా చుట్టాలి. బర్‌మంటూ వచ్చీ పోయే మైకుల్లో ఎక్కువ శాతం మైకు తప్పు ఉండదు, ప్లగ్గు దగ్గర ఊడిన టాకానే. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం ఫిజిక్స్ సారు చూస్తుండగా నేర్చుకుంటే ఆ ఏడాది రిపేరు ఖర్చు చాలా తగ్గుతుంది.

మార్చిలో ఒంటిపూట బడులు, పదో తరగతి పరీక్షలు మొదలైతే సెట్టుకు విశ్రాంతి. మీ బడి పరీక్షా కేంద్రమైతే ఆ రోజుల్లో దాన్ని ముట్టుకోనే వద్దు. ఏప్రిల్ చివర్లో సెలవులకు ముందు ఒక గంట పని ఉంటుంది. కార్డ్‌లెస్ మైకుల్లోంచి సెల్లులు తీసేయాలి. బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, వీలైతే మే మధ్యలో వాచ్‌మన్‌తో ఇంకోసారి చార్జి పెట్టించాలి. ఖాళీగా వదిలేస్తే జూన్‌కు చచ్చి ఉంటుంది. ఎలుకలు మొదట కొరికేది వైర్లనే కాబట్టి వాటిని ఇనుప పెట్టెలో పెట్టాలి. హారన్ల మూతికి దోమతెర గుడ్డ కట్టాలి. కట్టకపోతే ఆ యాభై రోజుల్లో కందిరీగ లోపల మట్టిగూడు పెట్టేస్తుంది. జూన్‌లో మొదటి ప్రేయరుకు ఒక హారను మూగబోతే యూనిట్ కాలిపోయిందనుకుని కొత్తది కొనేయకండి, ముందు టార్చిలైటు వేసి లోపలికి చూడండి.